సంఘం ప్లేట్లు

మా ఇంటి పక్కన ఒక ఖాళీ ప్లాటు ఉంది. దాని యజమానిని మేం ఎప్పుడూ చూడలేదు. హైదరాబాద్‌లో ఎక్కడో ఉంటాడని, ధర పెరిగేదాకా అమ్మడని విన్నాం. ఆయన రాకపోయినా ఆ ప్లాటు ఖాళీగా మాత్రం ఉండేది కాదు. కాలనీలో ఎవరింట్లో దావత్ జరిగినా, మర్నాడు పొద్దున టెంటు విప్పేవాళ్లు ఎంగిలి ప్లేట్లన్నీ తెచ్చి అందులో పారబోసేవారు. వెండి రంగు పూసిన కాగితం ప్లేట్లు, థర్మాకోల్ గిన్నెలు, పట్టుకుంటే నలిగిపోయే ప్లాస్టిక్ గ్లాసులు. చెత్తబండి రోజూ వచ్చేది గానీ ఇళ్లలోని చెత్తతోనే నిండిపోయేది. అంత పెద్ద కుప్పను ఎత్తే ఓపిక ఎవరికీ లేదు. కుక్కలు లాగి, గాలికి గల్లీ అంతా పరుచుకున్నాక, ఎవరో ఒకరు విసుగొచ్చి అగ్గిపుల్ల గీసేవారు.

ఆ పొగ కట్టెల పొగలా పైకి పోదు. నల్లగా, బరువుగా నేలబారున పాకి ఇళ్లలోకి వస్తుంది. కిటికీలు మూసినా గొంతులో చేదు తగులుతుంది. మా అత్తమ్మకు దమ్ము, అంటే ఉబ్బసం, ఉంది. పొగ వచ్చిన రోజు ఆమె మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగి కూర్చునేది, నోరు తెరిచి గాలి కోసం చూసేది. నేను తడి గుడ్డ ముక్కుకు అడ్డం పెట్టి వీపు నిమురుతూ ఉండేదాన్ని. అంతకుమించి చేయగలిగింది లేక ఎవరినో తిట్టుకునేదాన్ని. ఎవరినని తిట్టాలి? అంతకుముందు రోజు ఆ దావత్‌లో నేనూ భోంచేసి వచ్చినదాన్నే.

మేం ఉండేది ఇబ్రహీంపట్నం శివారులో కొత్తగా పడ్డ కాలనీ. నేను శేరిగూడలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. వెనుక గల్లీలో మా బంధువులూ మావాళ్లూ కలిసి ప్లాట్లు కొనుక్కుని ఇళ్లు కట్టుకున్నాం. మేం దళితులం, ఆదివారం చర్చికి పోతాం. ముందు గల్లీలో ఎక్కువగా పటేళ్ల కుటుంబాలు, భూములున్న పైకులాలవాళ్లు. యాచారం వైపు ఊళ్లలో ఫార్మా సిటీ కోసం భూములు పోయాక ఇటు వచ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్లు. మా ఆయనవాళ్ల చిన్న చెలక కూడా దాంట్లోనే పోయింది.

మహిళా సంఘంలో మాత్రం రెండు గల్లీలవాళ్లం కలిసే ఉండేవాళ్లం. సంఘం లీడర్ ముందు గల్లీ ఆమె, పటేళ్ల ఇంటి కోడలు. నాకంటే పదేళ్లు పెద్ద. అందరం లీడరక్క అనేవాళ్లం. గట్టిగా నవ్వే మనిషి, ఎవరింట్లో ఆపద వచ్చినా అందరికంటే ముందుగా గేటు తీసుకుని బయటికి వచ్చే మనిషి. నాతో ఆమెకు స్నేహం కుదిరింది పోయిన పొలాల ముచ్చటతోనే. వాళ్ల బోరు దగ్గర ఉన్న చింతచెట్టు కింద మా ఆయన చిన్నప్పుడు పశువులు మేపేవాడట. ఆ చెట్టూ లేదు, ఆ బోరూ లేదు.

ఒకసారి సంఘం మీటింగ్‌లో నేను పొగ సంగతి ఎత్తాను. కాల్చొద్దని చెప్తే ఎవరూ వినరు, పారేసే ప్లేట్లే లేకుండా చేస్తే పోతుంది కదా అన్నాను. సంఘం తరఫున స్టీలు ప్లేట్లు, గ్లాసులు కొని పెడదాం, ఎవరింట్లో దావత్ అయితే వాళ్లు తీసుకుపోయి కడిగి తిరిగి ఇస్తారు, కిరాయి ఏమీ వద్దు అని చెప్పాను. కొందరు మూతి విరిచారు.

"అన్ని ప్లేట్లు ఎవలు తోముతరు? దావత్ అయినంక నడుములు పడిపోతయి," అంది ఒకామె.

లీడరక్క తొడ మీద చెయ్యి చరిచింది. "తోమేటోళ్లను పెట్టుకుందాం. టెంటుకు ఇస్తలేమా, వంటాయనకు ఇస్తలేమా? సంఘం పైసలు ఊకె బ్యాంకుల పండుకున్నయి. చెల్లె చెప్పింది మస్తున్నది. కొందాం."

ఆమె కొందాం అంటే కొన్నట్టే. తర్వాతి వారం ఇద్దరం బస్సెక్కి బేగంబజార్ పోయాం. స్టీలు సామాను కిలోల లెక్కన తూచి ఇచ్చే దుకాణాలు అక్కడ వరసగా ఉంటాయి. లీడరక్క ప్రతి దుకాణంలో ప్లేటు చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేది. "గిది రేకు, గిది కాదు," అంటూ లేచిపోయేది. దుకాణాయన బతిమాలుతూ వెనక వచ్చేవాడు. చివరికి బరువైనవి, అంచు తెగనివి దొరికాయి. తిరిగి వచ్చేటప్పుడు ఆకలేసి బండి దగ్గర ఒక ప్లేటు మిర్చి బజ్జీలు తీసుకుని ఇద్దరం అందులోంచే తిన్నాం. కారానికి ఆమె కళ్లల్లో నీళ్లు కారుతుంటే నాకు నవ్వు ఆగలేదు. బస్సులో మూటల మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్నాం. నా పెళ్లయ్యాక అంత తేలిగ్గా గడిచిన రోజు ఇంకోటి గుర్తులేదు.

ప్లేట్లు లీడరక్క ఇంట్లో మెట్ల కింద గదిలో పెట్టాం. ముందు గల్లీలో ఒక పిల్లాడి పుట్టువెంట్రుకల దావత్‌కు మొదటిసారి తీశాం. కూర్చుని తినే బంతిలో స్టీలు ప్లేట్లు చూసి ముసలివాళ్లు సంతోషపడ్డారు. తోమడానికి మా వెనుక గల్లీ నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఇద్దరూ నాకు వరసకు చెల్లెళ్లే. మేమూ కొంగు బిగించి సాయం పట్టాం. మర్నాడు పొద్దున లేవగానే నేను చేసిన మొదటి పని కిటికీ తీసి పక్క ప్లాటు చూడడం. పిచ్చి తుమ్మ మొక్కలు తప్ప ఏమీ లేదు. అత్తమ్మను కూడా తెచ్చి చూపించాను.

తర్వాత కొన్ని నెలలు సంఘం ప్లేట్లకు తీరిక లేకుండా పోయింది. పెళ్లిచూపులకు, పుట్టినరోజులకు, బోనాల విందులకు, పదో దినాల భోజనాలకు అన్నిటికీ అవే. మెయిన్ రోడ్డు మీద టిఫిన్ సెంటర్ నడిపే ఆయన ఒక దావత్‌కు వచ్చి చూసి, తన దగ్గర కూడా ప్లాస్టిక్ కవర్లలో చట్నీ కట్టడం మానేశాడు. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకున్నవాళ్లకు చట్నీ ఎక్కువ పోస్తానని అట్టముక్క మీద రాసి వేలాడదీశాడు. మున్సిపాలిటీవాళ్లు వచ్చి లీడరక్కతో ఫోటో దిగారు. ఆమె నన్ను చెయ్యి పట్టి పక్కకు లాక్కుంది. "ఐడియా గీమెది, నాది కాదు," అంది అందరితో.

ఆ ఎండాకాలం మా అమ్మాయికి నర్సింగ్ సీటు వచ్చింది. ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. ప్రార్థన అయ్యాక బగారన్నం, కోడికూర. సంఘం ప్లేట్లు తెప్పించాను. ముందు గల్లీవాళ్లనూ పిలిచాను. కొందరే వచ్చారు. లీడరక్క వచ్చి మా అమ్మాయికి చీర పెట్టి, తల మీద చెయ్యి వేసి దీవించింది. తినమంటే, "ఇయ్యాల శనివారం కద చెల్లె, నేను ముట్ట," అంది. మజ్జిగైనా తాగమన్నాను. వద్దంది. ఆ రోజు నాకు ఏమీ అనిపించలేదు. వచ్చినవాళ్లను చూసుకునే హడావిడిలో ఉన్నాను.

ప్లేట్లు మేమే తోమి, ఎండలో ఆరబెట్టి, గుడ్డతో తుడిచి తిరిగి పంపాం.

ఆ తర్వాత సంఘం ప్లేట్లను ఎవరూ అడగలేదు. మొదట్లో నేను గమనించలేదు. ముహూర్తాలు లేవేమో అనుకున్నాను. ఒక పొద్దున పక్క ప్లాటులో మళ్లీ వెండి రంగు ప్లేట్లు కనిపించాయి. బయటివాళ్లెవరో పడేసి ఉంటారని సర్దిచెప్పుకున్నాను. కొన్నాళ్లకు లీడరక్క మనవడి పుట్టినరోజు వచ్చింది. గల్లీ అడ్డంగా టెంటు వేశారు. కాలేజీ నుంచి నేరుగా పోయాను. నా చేతిలో కాగితం ప్లేటు పెట్టారు. అన్నం వేయగానే మధ్యలో కుంగింది. నేను నిలబడ్డ చోటి నుంచి మెట్ల కింద గది తలుపు కనిపిస్తూనే ఉంది. లీడరక్క నా వైపు రాలేదు. పోయేటప్పుడు నేనే ఎదురు వెళ్లాను.

"మస్తు మంది అయిన్రు చెల్లె," అంది ఆమె, నేను ఏమీ అడగకముందే. "చాలవని తియ్యలే."

అంతమంది కాలేదు. అంతకంటే పెద్ద దావత్‌కే ఆ ప్లేట్లు సరిపోయాయి.

అసలు సంగతి తోమడానికి పోయే చెల్లె చెప్పింది. "మనింట్ల తిన్న ప్లేట్లట అక్క. గందుకని తీస్తలేరు. మీ ఇంట్ల పెద్దకూర వండిన్రని గూడ ఎవలో అన్నరట."

"గొడ్డుకూర యాడిది? కోడికూర కద వండింది. నువ్వే వడ్డించినవ్ కద."

"నాకెరుకనే. నేను చెప్తె ఇంటరా?" అంది. ఆమె మొహంలో కోపం కూడా లేదు. నాకు అదే ఎక్కువ బాధేసింది.

ఆ వారం నాకు పని మీద ధ్యాస లేదు. లైబ్రరీలో పుస్తకాలు వేరే అరల్లో పెట్టేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పకూడదనుకున్నాను గానీ అన్నం దగ్గర మా ఆయన నా మొహం చూసి అడిగాడు. చెప్పాను. ఆయన తినడం ఆపాడు.

మంచం మీద నుంచి అత్తమ్మ మాట్లాడింది. "మా ఊరి హోటల్ల మాకు గిలాసలు వేరె ఉండె బిడ్డా. బయట చూరుల పెడుతుండె. మేమే తీసుకొని, తాగి, మేమే కడిగి మళ్ల ఆడ పెట్టాలె. ఎన్ని లొల్లులైనా అది పోలే. ప్లాస్టిక్ గిలాసలు వచ్చినంకనే పోయింది. అందరికి గదే గిలాస, తాగి పారేసుడే. ఆ దినం మీ మామ రెండుసార్లు చాయ్ తాగి వచ్చిండు."

ఆమె ఊపిరిని కట్టేస్తున్న ఆ గ్లాసే ఆమెను ఒకప్పుడు హోటల్ లోపలికి తీసుకుపోయింది. ఇన్నేళ్లుగా నేను ప్లాస్టిక్‌ను చెత్తగానే చూశాను. ఎవరి ఎంగిలి ఎవరికీ అంటకుండా అది మధ్యలో నిలబడి ఉందని, దాన్ని తీసేస్తే కింద ఏముందో బయటపడుతుందని నాకు తట్టలేదు.

"వాళ్లకు గూడ గందుకే నచ్చుతది," అన్నాడు మా ఆయన. "తిని పారేస్తె, ముందు ఎవలు తిన్నరని అడిగే పని లేదు. నువ్వు పోయి అడిగేటట్టు చేసినవ్."

తర్వాతి మీటింగ్‌లో ప్లేట్ల సంగతి వాళ్లే ఎత్తారు. ముందు గల్లీ నుంచి ఒకామె చాలా మెత్తగా చెప్పింది. నాన్‌వెజ్ తినేటప్పుడు వాడేవి, వెజ్‌కు వాడేవి వేరుగా ఉంటే బాగుంటుందట. ప్లేటు వెనక ఎర్ర పెయింటుతో చుక్క పెడితే కలిసిపోవట. చుక్క ఉన్నవి వెనుక గల్లీలో ఉంచుకుంటే అందరికీ సులువట. చాలామంది తలలు ఊపారు. లీడరక్క చాప అంచు పీకుతూ కూర్చుంది.

నలుగురిలో గొంతు లేపడం నాకు అలవాటు లేదు.

"బోనాలకు మీ ఇండ్లల్ల యాటలు కోస్తరు కద," అన్నాను. "గప్పుడు ఏ ప్లేట్లు తీసుకపోయిన్రు? చుక్క లేని ప్లేట్లే కద. నేను సుత చేతులు పెట్టి తోమిన."

"గట్ల కాదు చెల్లె, నువ్వు వేరె అర్థం తీస్తున్నవ్," అంది ఆమె.

"వేరె అర్థం ఏమున్నది? పెద్ద అంబర్‌పేట్ కాడ హోటల్ల తింటరు. ఆ ప్లేటుల మీకంటె ముందు ఎవలు తిన్నరో అడిగిన్రా ఎన్నడన్న?"

"హోటల్ వేరె. ఆడ మనకు తెల్వదు కద."

ఆమె ఆ మాట అనేసి తనే తల దించుకుంది. బయట చెత్తబండి పాట వినిపించి, దూరమైపోయింది.

"ఇన్ని దినాలు ఆ ప్లేట్లు తోమింది మా గల్లీ చేతులే," అన్నాను. "తోమితే అంటలే. తింటె అంటిందా?"

ఏడుస్తానేమోనని భయపడి లేచి నిలబడ్డాను. లీడరక్క అప్పుడు నోరు తెరిచింది. "చాయ్ తాగుండ్రి, చల్లగైతున్నది," అంది. ఎర్ర చుక్క సంగతి అక్కడితో ఆగిపోయింది. ఎవరూ పెట్టమనలేదు, వద్దనీ అనలేదు. నేను చాయ్ తాగకుండానే వచ్చేశాను.

కొద్ది రోజులకు మా ఇంటి ముందు ఆటో ఆగింది. సంచుల్లో ప్లేట్లన్నీ ఉన్నాయి, గ్లాసులతో సహా. లీడరక్క ఫోన్ చేసింది. "మెట్ల కింద చెదలు పట్టినయి చెల్లె. మందు కొట్టియ్యాలె. ప్లేట్లు నీ కాడనే ఉండనీ." ఎన్నాళ్లని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. ముందు గదిలో మంచం కింద, బీరువా పక్కన ఎక్కడ సందు ఉంటే అక్కడ సర్దాం. మా అమ్మాయి వాటిని చూసి, "గిప్పుడు మొత్తం మన ప్లేట్లేనా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మాలో మేం వాడుకున్నాం. చర్చిలో పండుగ భోజనానికి, మా గల్లీ పెళ్లిళ్లకు అవే తీశాం. ముందు గల్లీలో కాగితం ప్లేట్లు యథాప్రకారం వచ్చేశాయి. వాళ్ల దావత్‌ల చెత్త మా ఇంటి పక్క ప్లాటులోనే పడేది. మా దావత్‌లతో ఎవరికీ పొగ లేదు. వాళ్ల పొగ మాత్రం మా ఇంట్లోకే వచ్చేది.

చలికాలం ఒక పొద్దున ఆ పొగే అత్తమ్మను పడగొట్టింది. మంచు వల్ల పొగ పైకి లేవలేదు, ఇల్లంతా కమ్ముకుంది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఆమె పెదవులు నీలంగా మారుతున్నాయి. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. ఆటో కోసం ముందు గల్లీలోకి పరుగెత్తాను. లీడరక్క తన గేటు దగ్గర ముగ్గు వేస్తోంది. నన్ను చూసి ముగ్గు గిన్నె అక్కడే వదిలేసి, "ఏమైంది?" అంది. చెప్పేలోపే కొడుకును లేపి కారు తీయించింది. మా ఇంట్లోకి వచ్చి అత్తమ్మను నాతోపాటు తనే ఎత్తింది. కారులో అత్తమ్మ తల తన ఒళ్లో పెట్టుకుని, రొమ్ము రాస్తూ, "ఏం గాదు పెద్దమ్మా, ఊపిరి తీసుకో, మెల్లగ," అంటూనే ఉంది. అత్తమ్మకు వాంతి అయింది. లీడరక్క చీర కొంగుతో మూతి తుడిచింది. మొహం కూడా చిట్లించలేదు.

దవాఖానలో మూతికి మాస్కు పెట్టి మందు పొగలా పంపారు. కాసేపటికి ఊపిరి కుదురుకుంది. మేమిద్దరం బయట బల్ల మీద కూర్చున్నాం. ఆమె కొంగు తడిగా ఉంది.

"నా మీద కోపమున్నదా చెల్లె?" అంది ఆమె.

"కోపం కాదక్క. ఏమనుకోవాల్నో తెలుస్తలేదు."

"నాకు పట్టింపు లేదు. బేగంబజార్ల ఒక్క ప్లేట్ల తిన్నం కద."

"అవ్, తిన్నం. అక్కడ నిన్ను చూసేటోళ్లు లేరు."

ఆమె నా వైపు చూసింది. నేను అంత మాట అంటానని అనుకున్నట్టు లేదు. నేనూ అనుకోలేదు.

"మా అత్త ఉన్నది, మా మరుదులు ఉన్నరు," అంది నెమ్మదిగా. "ఆ ప్లేట్లు తీస్తె మేము తినమన్నరు. మనవని పుట్టినరోజు దినం ఇంట్ల లొల్లి పెట్టుకోవాల్నా? నేనొక్కదాన్ని ఏం చేస్త?"

"నువ్వు వాడుడు మొదలువెడితే అందరు వాడిన్రు. నువ్వు మానంగనే అందరు మానిన్రు. నువ్వొక్కదానివి ఎట్లయితవ్ అక్క?"

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది. వేళ్లకు ముగ్గుపిండి ఇంకా అంటుకునే ఉంది. ఆమె కళ్లు తుడుచుకోవడం చూశాను. నాకు ఆమె చెయ్యి పట్టుకోవాలనిపించింది. అత్తమ్మను బతికించింది ఆమే. మా ప్లేట్లు వదిలేసిందీ ఆమే. పట్టుకోలేకపోయాను. లోపలి నుంచి నర్సు పిలిస్తే ఇద్దరం లేచాం.

ఆ తర్వాత ఆమె ఒక పని చేసింది. ముందు గల్లీలో ఇంటింటికీ తిరిగి, ఇకమీద ఎవరు ప్లాటులో చెత్త కాల్చినా ఊరుకోనని చెప్పింది. దావత్ అయిన మర్నాడు సంచుల్లో కట్టి పెడితే చెత్తబండి ఇంకోసారి వచ్చి తీసుకుపోయేలా మాట్లాడింది. చాలామట్టుకు అలాగే జరుగుతోంది. పొగ తగ్గింది. అత్తమ్మ గొట్టం మందు పీల్చుకుంటూ గడప దగ్గర కూర్చోగలుగుతోంది. సంచులు మాత్రం ప్రతి దావత్‌కూ అన్నేసి నిండుతున్నాయి. బండి వాటిని ఎక్కడికి తీసుకుపోతుందో, అక్కడ ఎవరి అత్తమ్మ ఊపిరి పీలుస్తుందో నాకు తెలియదు.

మేం మాలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. తోమే పని ఆ ఇద్దరు చెల్లెళ్ల మీదే పడకుండా, మా గల్లీలో ఎవరు తిన్న ప్లేటు వాళ్లే కడగాలని. మొదట మగవాళ్లు గునిశారు. చర్చి భోజనం రోజు మా ఆయన ప్యాంటు మడిచి నల్లా దగ్గర కూర్చుని తన ప్లేటూ, పక్కవాళ్లవి ఇంకో నాలుగూ కడిగాడు. డిపోలో గ్రీజు కడిగే చేతికి ఇదో లెక్కా అన్నాడు. ఇప్పుడు అడిగే పని లేకుండా వరసగా నిలబడుతున్నారు. సంఘం మీటింగులకు నేను పోవడం తగ్గించాను. లీడరక్క కనిపిస్తే పలకరిస్తుంది, నేనూ పలుకుతాను. మిర్చి బజ్జీల నాటి నవ్వు మాత్రం మా మధ్యకు మళ్లీ రాలేదు.

మొన్న ముందు గల్లీ నుంచి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఈమధ్యే కిరాయికి దిగిన జంట, ఇద్దరూ ఉద్యోగం చేస్తారు. కూతురి మొదటి పుట్టినరోజట. ప్లాస్టిక్ వాడడం ఇష్టం లేదని, మా దగ్గర స్టీలు ప్లేట్లు ఉన్నాయని టిఫిన్ సెంటర్ ఆయన చెప్పాడని అంది. నేను ఆమెను కూర్చోబెట్టి సంగతి మొత్తం చెప్పాను. తర్వాత ఎవరో ఏదో అంటే ఆమె ఇబ్బంది పడకూడదు కదా.

"ఈ ప్లేట్లల్ల మేమందరం తింటం. మేము ఎవరమో మీ గల్లీల ఎవలనడిగినా చెప్తరు. ఇష్టమైతేనే తీసుకపో."

ఆమె మొహం ఎర్రబడింది. "నాకు గా పట్టింపులేం లేవక్కా," అంది. మర్నాడు భర్తతో వచ్చి ఆటోలో వేసుకుని పోయింది. వాళ్ల దావత్‌కు మేమూ పోయాం. ముందు గల్లీవాళ్లు చాలామంది వచ్చారు. ఆ ప్లేట్లలోనే తిన్నారు, మళ్లీ పెట్టించుకుని తిన్నారు. లీడరక్క మరుదులు కూడా నా ఎదుటి బంతిలోనే కూర్చున్నారు. ఏదో మారిందేమోనని నాకు ఆశ పుట్టింది. ఇంటికి వస్తూ మా ఆయనతో ఆ మాట అన్నాను కూడా. ఆయన ఊ కొట్టి ఊరుకున్నాడు.

ప్లేట్లు తిరిగి ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆ అమ్మాయి గడప దగ్గరే ఆగింది. ప్లేట్లు తళతళలాడుతున్నాయి, బాగా తోమింది. ఆమె మాత్రం నా కళ్లలోకి చూడలేదు.

"అక్కా, నీకొకటి చెప్పాలె. ఇవి ఎక్కడియని అందరు అడిగిన్రు. హైదరాబాద్ల కిరాయికి తెచ్చినం అని చెప్పిన. స్టీలువి అన్ని ఒక్కతీరె ఉంటయి కద, నమ్మిన్రు."

నేను పైనున్న ప్లేటు తీసి వెనక్కి తిప్పి చూశాను.

"నిజం చెప్తే వాళ్లు తినకపోయేటోళ్లు. అన్నీ తయారైనయి, టెంటు నిండ మంది. అప్పటికప్పుడు కాగితం ప్లేట్లు యాడికెళ్లి తేవాలె? కోపం చేసుకోకక్కా."

కోపం వచ్చింది. ఆమె మీద మాత్రం కాదు. ఆ రోజు ఒక్క సంచి చెత్త కూడా పోలేదు, నేను కోరుకున్నది అదే కదా అని మనసులో ఒక మూల అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గూ వేసింది.

"మళ్ల కావాలంటె రా," అన్నాను. "ప్లేట్లు ఇస్త. కాని ఈసారి ఎవలన్న అడిగితె మా ఇంటియని చెప్పాలె. చెప్పలేనంటే రాకు."

ఆమె తల ఊపిందో, ఊరికే దించుకుందో నాకు తెలియలేదు. ఆమె పోయాక ప్లేట్లు ఒక్కొక్కటే లోపలికి తెచ్చి బీరువా పక్కన పేర్చాను. వచ్చే ఆదివారం మా గల్లీలో ఒక నిశ్చితార్థం ఉంది. గ్లాసులు తక్కువ పడతాయేమో చూసుకోవాలి.